కోతకు అయిన ఖర్చు ఏ ఖాతాలో రాయాలి? కంపెనీల యాజమాన్యాలకు ఒక బహిరంగ లేఖ

కంపెనీల అధిపతులకు, డైరెక్టర్ల బోర్డు సభ్యులకు, ఆర్థిక విభాగాల పెద్దలకు,

నమస్కారం.

నేను ఖాతాల విభాగంలో పనిచేస్తాను. మాంద్యం వచ్చిన ప్రతిసారీ ‘ఖర్చులు పది శాతం తగ్గాలి’ అని మీరు పైనుంచి ఒక వాక్యం పంపుతారు. దాన్ని పట్టికగా మార్చి, ఏ పద్దులో ఎంత కొట్టేయవచ్చో లెక్కకట్టి, మళ్లీ మీ బల్ల మీద పెట్టేది నాలాంటివాళ్లే. కాబట్టి ఈ లేఖలో చెప్పబోయే తప్పుల్లో నా చేతిరాత కూడా ఉంది. ఆ మాట ముందే ఒప్పుకుంటున్నాను.

ఊరికే వీధిన పడలేదు. మా సంస్థలో రెండుసార్లు రాతపూర్వకంగా చెప్పుకున్నాను. మొదటి నోటు ‘చూశాను’ అన్న ఒక్క మాటతో, కింద పొట్టి సంతకంతో తిరిగివచ్చింది. రెండోదానికి ఆ భాగ్యమూ దక్కలేదు. వేరే సంస్థల్లో ఇదే పనిచేసే మిత్రులను కదిలిస్తే, వాళ్ల సొరుగుల్లోనూ ఇలాంటి నోట్లే మూలుగుతున్నాయని తెలిసింది. అందుకే మా యాజమాన్యం పేరెత్తకుండా మీ అందరికీ కలిపి రాస్తున్నాను.

అమ్మకాలు పడిపోతే ఖర్చు తగ్గించక తప్పదు. జీతాల తేదీ దగ్గరపడుతుంటే బ్యాంకు నిల్వ చూసి మీకంటే ముందు గుండె జారేది మాకే. కోతే వద్దని నేను అనడం లేదు. కోత వల్ల మిగిలింది ఎంతో పెద్ద అక్షరాలతో రాసుకుంటున్నాం, కోత వల్ల పోయింది ఎంతో ఎక్కడా రాయడం లేదు. నా ఫిర్యాదు ఇదే. పోయినదంతా వేరే వేరే పద్దుల కింద చెల్లాచెదురై, కొంత ఉద్యోగి ఇంటి ఖర్చులో కలిసిపోయి, మీ కంటికి ఆనడం లేదు. అది ఎక్కడెక్కడ దాగుతుందో నేను చూసినంత మేరకు చెబుతాను.

1. మొదటి కోత ఎప్పుడూ చిన్నవాటి మీదే పడుతుంది. దీపాలు, కాగితం, పెన్నులు, చేతులు తుడుచుకునే రుమాళ్లు. మా అంతస్తులో రెండు ట్యూబ్‌లైట్లకు ఒకటి చొప్పున తీసేశారు. పాత వోచర్లు సరిచూసే పెద్దాయన ఒకరున్నారు, పదవీ విరమణకు దగ్గరపడినవారు. ఆయన కూర్చునే మూల చీకటైంది. ఇంటినుంచి చిన్న బల్లదీపం తెచ్చుకున్నారు. మూడో వారం ఆ దీపానికి ఒక చీటీ అంటించి ఉంది: ‘వ్యక్తిగత విద్యుత్ పరికరాలు వాడరాదు.’ ఆయన ఎవరితోనూ ఒక్క మాట అనలేదు. చీటీని ఊడదీసి, నాలుగు మడతలు పెట్టి, వోచర్ల ఫైల్లో దాచుకున్నారు. ఆ తర్వాత ఫోను టార్చి వెలుగులో అంకెలు చదవడం మొదలుపెట్టారు. జీతాలు, అద్దె పక్కన పెడితే ఆఫీసు దీపాల ఖర్చు ఎంత స్వల్పమో మా విభాగంలో అందరికీ తెలుసు. ఆ చీటీ అచ్చు వేసి అంటించిన మనిషి పనిగంటల విలువ లెక్కిస్తే ఆ దీపం ఎన్నేళ్లు వెలిగేదో కూడా సరదాకి లెక్కకట్టాను. ఆ అంకె ఇక్కడ రాయను, మీరు నమ్మరు.

2. తర్వాతి కోత మన జీతాల పట్టీలో లేనివారి మీద పడుతుంది. శుభ్రం చేసేవారు, కాపలావారు, డ్రైవర్లు. వాళ్లు కాంట్రాక్టరు మనుషులు కాబట్టి ‘సేవల ఖర్చు ఇరవై శాతం తగ్గించాం’ అని రాస్తే చాలు, ఎవరినీ తొలగించినట్టు ఉండదు. ముగ్గురు చేసే పని ఒకామెకు మిగిలింది. మరుగుదొడ్ల సంఖ్య మాత్రం తగ్గలేదు. ఆమె పేరు మన పుస్తకాల్లో ఏ పేజీలోనూ ఉండదు. మిగిలిన ఇద్దరూ ఏమయ్యారని అడిగితే కాంట్రాక్టరుకే తెలియదు.

3. ఇది నా సొంత విభాగం సంగతి, అందుకే కాస్త వివరంగా చెబుతాను. సరఫరాదారు బిల్లు వస్తే ఇదివరకు ఒకరు నమోదు చేసేవారు, మరొకరు సరిచూసేవారు, ఇంకొకరు చెల్లింపు విడుదల చేసేవారు. పొదుపు పేరుతో మధ్య మనిషిని తీసేశాం. ఆ సిఫారసు రాసింది నేనే. నమోదు చేసేవారే సరిచూసుకుంటే పోతుందని అప్పుడు అనిపించింది.

నాలుగు నెలలు గడిచాయి. ఒక పెద్ద బిల్లు రెండుసార్లు నమోదైంది. మొదటిసారి బిల్లు సంఖ్య మధ్యలో చిన్న గీతతో, రెండోసారి గీత లేకుండా. కంప్యూటర్ దృష్టిలో అవి రెండు వేర్వేరు బిల్లులు. తీసేసిన ఆ మధ్య మనిషి ఉండి ఉంటే మొత్తం చూసిన వెంటనే ‘ఇది మొన్న ఇచ్చాం కదా’ అని ఆపేసేది. ఆమెకు సరఫరాదారుల పేర్లే కాదు, వాళ్ల బిల్లు కాగితం రంగు కూడా గుర్తుండేది. సొమ్ము రెండుసార్లు వెళ్లిపోయింది. తేలేసరికి ఆరు వారాలు. సరఫరాదారు కాదనలేదు పాపం, ‘రాబోయే బిల్లుల్లో సర్దుకోండి’ అన్నాడు. రాబోయే బిల్లులు రాలేదు. మాంద్యం అతన్నీ ముంచింది, వ్యాపారం మూసేశాడు.

పోయిన మొత్తం ఆమె ఏడు నెలల జీతం కంటే ఎక్కువ. కానీ పుస్తకాల్లో ఏం కనిపిస్తుంది? ఆమె జీతం ‘పొదుపు’ కింద ఏడాది పొడవునా ప్రతి నెల నివేదికలో మెరుస్తూనే ఉంది. పోయిన సొమ్ము ‘రాబట్టలేని బాకీలు’ కింద రద్దయింది. ఈ రెండు పద్దుల మధ్య దారం కట్టినవారు లేరు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని మనం అంటాం. మా నివేదికలో ఊడిన నాలుక వేరే పేజీలో ఉంటుంది, అంతే తేడా.

4. వెళ్లగొట్టినవారితో లెక్క ముగియదు. ఉండమన్నవారూ వెళ్లిపోతారు. చార్లీ ట్రెవర్, ఆంథనీ నైబర్గ్ అనే పరిశోధకులు 2008లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, సిబ్బందిలో ఒక శాతం మందిని తగ్గించిన సంస్థల్లో స్వచ్ఛందంగా మానేసేవారి రేటు 31 శాతం పెరిగింది. ముందుగా వెళ్లేది ఎవరో చెప్పక్కర్లేదు. బయట వేరే చోటు దొరికే సత్తా ఉన్నవారు. మిగిలినవారి మీద ఇద్దరి పని పడుతుంది, దానికి మీరు పెట్టే పేరు ‘బాధ్యతల విస్తరణ’. జీతం విస్తరించదు.

ఎక్కువ జీతం వారిని తీసేసి తక్కువకు కొత్తవారిని పెట్టుకుంటే సరిపోతుందన్న ఆలోచన ఉంటే, అమెరికాలో ఎలక్ట్రానిక్ వస్తువుల దుకాణాలు నడిపిన సర్క్యూట్ సిటీ చరిత్ర ఒకసారి చూడండి. 2007 మార్చిలో ఆ సంస్థ 3,400 మంది దుకాణ సిబ్బందిని ఒక్క దెబ్బకు తీసేసింది. వాళ్లు చేసిన తప్పు, సంస్థ లెక్క ప్రకారం, మార్కెట్ రేటు కంటే ఎక్కువ జీతం తీసుకోవడం. ఆ జీతం వాళ్లకు ఊరికే రాలేదు, ఏ వస్తువు ఎవరికి పనికొస్తుందో కొనుగోలుదారుకు విడమరచి చెప్పగలిగే అనుభవం వల్ల వచ్చింది. వారి స్థానంలో తక్కువ జీతానికి కొత్తవారిని తీసుకున్నారు. 2008 నవంబరులో సంస్థ దివాలా పిటిషన్ వేసింది, 2009 మార్చి నాటికి దుకాణాలన్నీ మూతపడ్డాయి. దివాలాకు ఈ ఒక్క నిర్ణయమే కారణమని నేను అనను. పోటీ ఉంది, మాంద్యం ఉంది, అప్పు పుట్టని కాలం అది. కానీ కష్టకాలంలో గిరాకీ నిలబెట్టగలిగే మనుషులనే ముందు పంపేయడం విత్తనపు గింజలు దంచుకు తినడం లాంటిది.

5. ‘ఇంటినుంచి పనిచేయండి’ అన్నది మంచి సౌకర్యమే, చాలామంది కోరుకున్నదే. అయితే అంతస్తు ఖాళీ చేసి అద్దె మిగుల్చుకున్న సంస్థ, ఉద్యోగి ఇంటి కరెంటు, ఇంటర్నెట్, కుర్చీ, బల్ల ఎవరు భరించాలో మాత్రం చెప్పదు. ఆ ఖర్చు ఎగిరిపోలేదు, ఇల్లు మారింది.

6. శిక్షణ, ఆరోగ్య బీమా, భద్రత. ఈ మూడింటి గురించి ఒక్క ముక్క. వీటిని కోస్తే ఆ ఏడాది ఏమీ జరగదు, అందుకే కోయడం సులువు. మా మెట్ల దగ్గర అగ్నిమాపక సిలిండరు మీద మళ్లీ నింపాల్సిన తేదీ దాటి చాలా రోజులైంది. రోజూ దాని పక్కనుంచే వెళతాను. నింపించే పనిని తర్వాతి త్రైమాసికానికి వాయిదా వేసిన కాగితం మీద ఉన్నదీ నా సంతకమే.

7. ఇక తొలగింపు. దాని అసలు లెక్క ఏ కంపెనీ పుస్తకంలోనూ దొరకదు. 1970, 80 దశకాల్లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఏళ్ల తరబడి ఒకే చోట పనిచేసి, మూకుమ్మడి తొలగింపుల్లో ఉద్యోగం పోగొట్టుకున్న పురుషుల రికార్డులను డేనియల్ సలివన్, టిల్ వాన్ వాఖ్టర్ పరిశీలించారు. 2009లో వెలువడిన వారి పరిశోధన ప్రకారం, ఉద్యోగం పోయిన తర్వాతి ఏడాది వాళ్లలో మరణాల రేటు మామూలుగా ఉండాల్సిన దానికంటే 50 నుంచి 100 శాతం ఎక్కువ. ఈ మాట చదివాక నా పట్టికలో వరుస ఎంచుకుని మీట నొక్కి తీసేయడం నాకు మునుపటంత తేలిగ్గా లేదు.

పైగా ఆ పంపించే తీరు ఒకటి. పొద్దున్నే వచ్చి తలుపు దగ్గర కార్డు పెడితే ఎర్ర దీపం వెలుగుతుంది. కార్డు పాడైందనుకుని చొక్కా అంచుతో తుడిచి మళ్లీ పెడతారు. మళ్లీ ఎర్ర దీపమే. కాపలా మనిషి తల వంచుకుని ‘మీరు కాసేపు ఇక్కడే కూర్చోండి’ అంటాడు. పద్దెనిమిదేళ్ల సర్వీసుకు మా సంస్థ ఇచ్చిన వీడ్కోలు ఇది, నేను కళ్లారా చూశాను. సమాచార భద్రత కోసం అలా చేయాల్సి వచ్చిందన్నారు. ఆ మనిషి చేతిలో నిన్నటి వరకు ఖజానా తాళాలుండేవి, ఆ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు కాబోలు.

వేరే దారి ఎక్కడుందని మీరు అడగవచ్చు. ఉంది, నడిచినవారూ ఉన్నారు. 1993 చివర్లో ఫోక్స్‌వాగన్ కార్ల గిరాకీ పడిపోయి, జర్మనీలో సుమారు 30 వేల ఉద్యోగాలు ఎక్కువని తేలింది. యాజమాన్యం, కార్మిక సంఘం కూర్చుని వారానికి 36 గంటల పనిని 28.8 గంటలకు తగ్గించుకున్నాయి. ఏడాది ఆదాయం తగ్గింది. కానీ ఏడాదికోసారి ఇచ్చే బోనస్‌లను నెలనెలకు సర్ది, నెల జీతం మొత్తం పడిపోకుండా చూశారు. అద్దె కట్టేది నెలకు, బోనస్ వచ్చేది ఏడాదికి అన్న ఇంగితం ఎవరో ఒక ఖాతాల మనిషికి తట్టి ఉంటుంది. ఆ మనిషికి మనసులో దండం పెట్టుకున్నాను.

2009లో జర్మనీ ఆర్థిక వ్యవస్థ ఐదు శాతానికి పైగా కుంచించుకుపోయింది. అయినా నిరుద్యోగం దాదాపు కదల్లేదు. కుర్జ్‌ఆర్‌బైట్ అనే తగ్గించిన పనిగంటల పథకం అందుకు ఒక ముఖ్య కారణం. ఆ ఏడాది ఒక దశలో 14 లక్షలకు పైగా ఉద్యోగులు దాని కింద ఉన్నారు. గంటలు తగ్గడం వల్ల చేతికి అందకుండా పోయే జీతంలో 60 శాతం, పిల్లలున్నవారికి 67 శాతం ప్రభుత్వ యంత్రాంగం భర్తీ చేసింది. మాకు అలాంటి ప్రభుత్వం లేదంటారా? అదే 2009లో అమెరికాలో బ్యారీ వేమిల్లర్ అనే యంత్రాల తయారీ సంస్థ ఏ ప్రభుత్వ పథకం ఊతం లేకుండానే, ఒక్కరినీ తీసేయకుండా, అందరూ తలా నాలుగు వారాలు జీతం లేని సెలవు తీసుకునేలా ఏర్పాటు చేసింది. తట్టుకోగలిగిన కొందరు, తట్టుకోలేని సహోద్యోగుల వారాలు కూడా తామే తీసుకున్నారు. అలా సర్దుకోవడం ఏ పట్టికలోనూ నేను రాయగలిగేది కాదు, మనుషులను అడిగితేనే బయటపడుతుంది. మీరు అడగరు.

ఇక పై అంతస్తు సంగతి. 2014 జనవరిలో జపాన్ వీడియో గేముల సంస్థ నింటెండో అమ్మకాల అంచనాలు దారుణంగా తప్పినప్పుడు, అధ్యక్షుడు సతోరు ఇవాతా ఐదు నెలలపాటు తన జీతాన్ని సగానికి కోసుకున్నారు. మిగతా డైరెక్టర్లూ తగ్గించుకున్నారు. దానితో సంస్థ నష్టం పూడదని ఆయనకూ తెలుసు. కింది ఉద్యోగి ముఖంలోకి చూసి మాట్లాడే అర్హత మాత్రం మిగిలింది.

కాబట్టి మా డిమాండ్లు ఇవి. ‘మా’ అంటున్నది ఖాతాల బల్లల దగ్గర ఈ పట్టికలు తయారుచేసే మా అందరి తరఫున.

1. కోతకు ఒక ఖాతా తెరవండి. దాని ఎడమ పక్క మిగిలింది రాస్తే, కుడి పక్క దానివల్ల అయిన ఖర్చు రాయాలి. పరిహారాలు, అదనపు గంటలు, కొత్తవారి నియామకం, వారి శిక్షణ, పొరపాట్ల నష్టాలు, స్వచ్ఛందంగా మానేసినవారి స్థానాలు నింపడానికి అయినది, అన్నీ. పన్నెండు నెలల తర్వాత ఆ ఖాతా బోర్డు ముందు పెట్టండి, ఉద్యోగులకూ చూపించండి. మిగతా డిమాండ్లన్నీ తోసిపుచ్చినా ఇది ఒక్కటి ఒప్పుకోండి. దీనికి ఖర్చేమీ లేదు, నేనే రాస్తాను.

2. వరుస మార్చండి. ముందు డివిడెండ్లు, సొంత షేర్లను తిరిగి కొనడం, అధికారుల బోనస్‌లు ఆపండి. తర్వాత పై జీతాలు, ఆ తర్వాత అందరి పనిగంటలు. మనుషుల తొలగింపు ఆఖరున. మొదటి మూడూ చేశామని రాతపూర్వకంగా చూపకుండా నాలుగోదాని జోలికి వెళ్లకూడదు.

3. ముందే చెప్పండి. ఇది మీ దయ మీద ఆధారపడాల్సిన సంగతి కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1982లో చేసిన 158వ ఒప్పందం, ఆర్థిక కారణాలతో తొలగింపులు తలపెట్టే యజమాని కార్మిక ప్రతినిధులకు సమాచారమిచ్చి, నష్టం తగ్గించే మార్గాల మీద సంప్రదించాలని చెబుతోంది. దాన్ని నలభై దేశాలు కూడా ఆమోదించలేదు, నిజమే. అమెరికాలో 1988 నాటి చట్టం వంద మంది లేదా అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థలు మూకుమ్మడి తొలగింపులకు 60 రోజుల ముందు నోటీసు ఇవ్వాలంటుంది. మీ దేశంలో చట్టం ఉన్నా లేకపోయినా అరవై రోజులు ఇవ్వండి. ఎర్ర దీపంతో చెప్పకండి.

4. కాంట్రాక్టు సిబ్బందిని కూడా లెక్కలోకి తీసుకోండి. సేవల ఖర్చు తగ్గించినప్పుడు ఎందరి పని పోయింది, మిగిలినవారి మీద ఎంత పని పడింది అన్నది అదే కాగితం మీద రాయాలి.

5. భద్రత, ఆరోగ్య బీమా, సొమ్ము చెల్లింపుల్లో రెండో మనిషి తనిఖీ. ఈ మూడూ కోత జాబితాలో ఉండకూడదు. చర్చే అక్కర్లేదు.

6. ఇంటినుంచి పనిచేయించుకుంటే, మిగిలిన అద్దెలో కొంత భాగం నెలవారీ భత్యంగా ఇవ్వండి.

7. ఆ పెద్దాయన దీపం వెలిగించుకోనివ్వండి.

ఈ లేఖ ప్రతిని, నా పాత నోట్లు రెండింటితో కలిపి, మా ఆర్థిక విభాగాధిపతికి కూడా పంపుతున్నాను. ఈసారి కూడా ‘చూశాను’ అనే రాయదలిస్తే, ఏడు డిమాండ్లలో ఏది చూశారో పక్కన అంకె వేయమని మనవి. తర్వాతి త్రైమాసికం కోత పట్టిక ఈ నెలాఖరుకు నా బల్ల మీదికి వస్తుంది. అందులో కుడి పక్క గడి ఒకటి ఖాళీగా ఉంచి, పైన ‘కోతకు అయిన ఖర్చు’ అని శీర్షిక రాసి పెడతాను. అంకెలు నింపడానికి మీ అనుమతి కావాలి.

ఇట్లు,
ఖాతాల విభాగంలో ఒక ఉద్యోగి